కాటా ముల్లు ఆగినా మేలు ఆగదు

కొత్త సంవత్సరం మొదటి వారంలో పార్కులు నడిచేవారితో కిటకిటలాడతాయి. ఎండలు ముదిరేసరికి ఆ సందడి సగానికి సగం తగ్గుతుంది. మానేసినవారిని అడిగితే తీరిక లేదనో, బద్ధకమనో చెబుతారు. చాలామంది విషయంలో ఇంకో కారణం కూడా ఉంటుంది. మొదట్లో చకచకా తగ్గిన బరువు కొన్నాళ్లకు ఒకచోట ఆగిపోతుంది. ఇంత కష్టపడినా ఫలితం లేదన్న నిరాశ అక్కడే మొదలవుతుంది. అయితే బరువు ఆగిపోవడం శరీరధర్మమే తప్ప ఓటమి కాదు.

మొదటి వారాల్లో అంత వేగం ఎందుకు?

మన శరీరం కొంత పిండిపదార్థాన్ని కాలేయంలోనూ కండరాల్లోనూ గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు 3 గ్రాముల నీరు నిల్వ ఉంటుంది. తిండి తగ్గించి, నడక మొదలుపెట్టగానే ముందుగా ఖర్చయ్యేది ఈ నిల్వే. దానితో పాటు నీరూ బయటికి పోతుంది. అంటే తొలి వారంలో రెండు కిలోలు తగ్గినా, అందులో కరిగిన కొవ్వు కొంతే. కాబట్టి ఆ వేగం ఎవరికీ ఎక్కువ రోజులు కొనసాగదు.

తర్వాత ఎందుకు ఆగుతుంది?

బరువు తగ్గిన శరీరాన్ని నడపడానికి మునుపటి కంటే తక్కువ శక్తి చాలు. పైగా కొవ్వు కణాల నుంచి వెలువడే లెప్టిన్ అనే హార్మోన్ తగ్గి, ఆకలి పెరుగుతుంది. కరువు రోజుల్లో ప్రాణం నిలుపుకోవడానికి శరీరానికి అబ్బిన పొదుపు ఇది. బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని అమెరికా శాస్త్రవేత్తలు ఆరేళ్ల తర్వాత మళ్లీ పరీక్షించి, 2016లో ఫలితాలు ప్రకటించారు. విశ్రాంతిగా ఉన్నప్పుడు వారి శరీరాలు అంచనా కంటే రోజుకు సుమారు 500 కిలోక్యాలరీలు తక్కువగా ఖర్చు చేస్తున్నాయి. వారు అతి తక్కువ కాలంలో, అతి కఠినంగా బరువు తగ్గినవారు. అందరిలోనూ ఇంత తేడా ఉండదు కానీ, శరీరం ఎదురు తిరిగే తీరు మాత్రం ఇదే.

బరువు తగ్గకపోయినా లాభమేనా?

ఈ ప్రశ్నకు మన దేశంలోనే జవాబు దొరికింది. చెన్నైకి చెందిన డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం మధుమేహం అంచున ఉన్న 531 మందిపై చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. వారిలో కొందరికి రోజూ కనీసం అరగంట నడవాలని, చక్కెర, నూనె తగ్గించి, పీచు ఎక్కువగా తినాలని సలహా ఇచ్చారు. మూడేళ్లలో ఏ సలహా లేనివారిలో 55 శాతం మందికి మధుమేహం వచ్చింది. సలహా పాటించినవారిలో అది 39.3 శాతమే. విశేషమేమిటంటే, వీరి సగటు బరువు చెప్పుకోదగినంత తగ్గనేలేదు.

కారణం కండరాల్లో ఉంది. పనిచేస్తున్న కండరం రక్తంలోని గ్లూకోజును నేరుగా లాక్కుంటుంది. ఇన్సులిన్‌కు శరీరం స్పందించే గుణమూ మెరుగుపడుతుంది. అయితే ఒకసారి చేసిన వ్యాయామం ప్రభావం ఒకటి రెండు రోజులే నిలుస్తుంది. వారానికోసారి రెండు గంటలు చెమటోడ్చడం కంటే రోజూ అరగంట నడవడం మేలనడానికి కారణం ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించింది కూడా వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమే.

కాబట్టి కాటాతో పాటు టేపునూ నమ్ముకోవాలి. భారతీయుల్లో నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. ఆయాసం లేకుండా మెట్లెక్కగలగడం, రక్తపోటు, రక్తంలో చక్కెర అదుపులో ఉండటం కూడా ప్రగతికి కొలమానాలే.

ఉత్సాహం కాదు, అలవాటు

ఉత్సాహం వస్తుంది, పోతుంది. అలవాటు నిలుస్తుంది. లండన్‌లో 96 మందిపై జరిపి, 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో కొత్త పని అలవాటుగా మారడానికి 18 నుంచి 254 రోజులు పట్టవచ్చని తేలింది. మధ్యస్థ విలువ 66 రోజులు. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు పట్టుబడటానికి పెద్దగా ఆటంకం కలగలేదు. "నిన్న తప్పింది, ఇక అంతే" అనుకోనక్కర్లేదు. పొద్దున్నే కాఫీ తాగిన వెంటనే, లేదా పిల్లల్ని బడికి పంపగానే అన్నట్టు, రోజూ తప్పని పనికి నడకను ముడిపెడితే సులువు.

పళ్లెం మార్చడానికి డబ్బు అక్కర్లేదు

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2,000 కిలోక్యాలరీల భోజనంలో వండని ధాన్యం 250 గ్రాములు, పప్పులు లేదా గుడ్లు, మాంసం 85 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు ఉండాలి. మన పళ్లెంలో మాత్రం అన్నం గుట్టలా, కూర నంజుకునేంతగా ఉంటుంది. మార్చాల్సింది ఈ పాళ్లనే.

ఇందుకు ఓట్స్, ప్రోటీన్ పొడులు అవసరం లేదు. వంద గ్రాముల ఉలవల్లో 20 గ్రాములకు పైగా ప్రోటీన్ ఉంటుంది. ఉడికించిన శనగలు, తోటకూర పప్పు, పెరటి మునగాకు, గుడ్డు, పలుచటి మజ్జిగ, జామకాయ అన్నీ అందుబాటులో ఉండేవే. రాగి సంకటి, జొన్నరొట్టె మంచివే. అయితే అన్నానికి బదులుగా తినాలి, అన్నం పైన అదనంగా కాదు. నూనె మనిషికి రోజుకు 27 గ్రాములు చాలు. అంటే నలుగురున్న ఇంటికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు. అంతకుమించి కొంటున్నవారు తగ్గిస్తే ఒంటికీ మేలు, ఖర్చూ ఆదా.

మధుమేహానికి మందులు వాడేవారు తిండి ఒక్కసారిగా తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వారు, గుండె జబ్బులున్నవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి. మిగిలినవారు ఈ వారం ముల్లు కదలకపోయినా చెప్పులు తొడుక్కుని బయల్దేరవచ్చు.