పంగకర్ర మీద పోలిగాడు

కార్తీకం దాటితే మా తర్లుపాడులో పొద్దు బద్ధకంగా లేస్తుంది. మా ఇల్లు ఊరి చివర. దడి దాటితే కంది చేను. ఆరింటికి పెరటి తలుపు తీస్తే చేను కనపడదు, అంతా మంచే. కాసేపటికి ముందు వేపచెట్టు తల, తరవాత పచ్చటి కంది పూత, ఆఖరున పడమటి కొండల గీత బయటపడతాయి. పక్క చేలో శనగాకు మీది మంచు వేలితో అద్ది నాలిక్కి రాసుకుంటే పుల్లగా ఉంటుంది. ఆ పులుపు మొక్క ఆకుల్లో ఊరేదే. వెనకటికి రాత్రిపూట చేలో గుడ్డ పరిచి, తెల్లారి పిండి ఆ పులుసు దాచుకునేవాళ్లు.

కళ్లాపి చల్లిన వాకిట్లోకి ముందుగా వచ్చేది జిట్టంగి. తెలుపూ బూడిదరంగూ కలిసిన పిట్ట, తోక ఊపకుండా ఒక్క అడుగు వెయ్యదు. వీటిలో కొన్ని హిమాలయాల అవతలి నుంచి వస్తాయి. అంత దూరం ఎగిరొచ్చి మా ముగ్గు పక్కన చీమలు ఏరుకుంటుంటే చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోతాను. అత్తమ్మ అరుగు మీంచి మెల్లగా అంటుంది, "కదలమాక, ఎగిరిపోద్ది."

నాకు అన్నిటికన్నా ఇష్టం పసుల పోలిగాడు. ఒళ్లంతా నలుపు, చేపతోకలా చీలిన తోక. పసుల వీపుమీద కూర్చుని, వాటి కాళ్ల కింద లేచే మిడతల్ని పట్టుకుంటుంది కాబట్టి ఆ పేరు. మూడేళ్ల కిందట కందికి శనగపచ్చ పురుగు పడితే వరసబెట్టి మందు కొట్టించాం. ఖర్చు అలా ఉంచండి, ఆ నెలంతా చేను మూగబోయింది. అది నాకు చాలా బాధనిపించింది. మరుసటేడు పిట్టలు వాలడానికి ఎకరాకు ఇరవై చొప్పున పంగకర్రలు పాతాం, పైరు కన్నా అడుగెత్తున. ఈ పురుగు కాయకు బొక్క పెట్టి తల లోపలికి దూర్చి తింటుంది, మిగతా ఒళ్లు బయట వేలాడుతుంటుంది. పోలిగాడికి కావాల్సింది అదే. కర్ర మీంచి జారినట్టు దిగి, పురుగును ముక్కున కరుచుకుని మళ్లీ ఆ కర్ర మీదికే వస్తుంది. కాలివేళ్ల కింద తొక్కిపట్టి ముక్కుతో చీల్చి తింటుంది. పురుగు పూర్తిగా పోయిందని చెప్పను. మందు డబ్బాలు మాత్రం తగ్గాయి.

తీగ మీద పాలపిట్టా వాలుతుంది. 2018లో మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి హోదా రామచిలుకకు పోయింది కానీ, మా ఇంట్లో దసరా నాటి మొక్కు ఇంకా పాలపిట్టకే.

ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా ఇంటి చుట్టుపక్కల పిట్టల్ని లెక్కపెడతారు. 1998లో అమెరికాలో మొదలైన పని, 2013 నుంచి అన్ని దేశాలదీ. ఒకచోట పావుగంట కూర్చుని కనిపించినవి రాసిస్తే చాలు. పోయినేడు మా అరుగు మీంచి పదకొండు రకాలు రాశాను. పన్నెండోది పుస్తకం మూశాక వచ్చింది: సాయంత్రం ఎర్రటి ఆకాశంలో గులాబీ గోరింకల గుంపు, మధ్య ఆసియా నుంచి వచ్చినవి, మబ్బులా మెలికలు తిరుగుతూ చెరువు వైపు పోయింది. అత్తమ్మ చేటలో కందులు వదిలేసి, అవి కనుమరుగయ్యేదాకా తల ఎత్తే ఉంది.