స్పీడు సరదా సరే... ఒళ్లు సిద్ధమేనా?

స్పీడంటే ప్రాణం పెట్టేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఇంజినీరింగ్ చదివే కొడుకు కావచ్చు, కొత్త కారు కొన్న మరిది కావచ్చు, నలభై దాటాక లక్షలు పోసి పెద్ద బైకు తెచ్చుకున్న ఇంటాయనే కావచ్చు. వద్దంటే ఊరుకోరు. మీరు నిద్రపోయాక ఖాళీ ఫ్లైఓవర్ మీద ఆ ముచ్చట తీర్చుకుంటారు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఆ మరణాల్లో పదింట ఏడు అతివేగం వల్లనే జరిగాయని కేంద్ర రవాణా శాఖ లెక్క చెబుతోంది. స్పీడు తీరాలంటే అందుకు తగిన చోటు రోడ్డు కాదు, రేసు ట్రాక్. అక్కడికి వెళ్లేముందు బండిని సర్వీసింగుకు ఇచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. తమ ఒంటిని చూపించుకునేవాళ్లే తక్కువ.

ముందు 'ట్రాక్ డే' అంటే ఏమిటో చూద్దాం. ఫీజు కట్టి, మీ సొంత కారో బైకో తీసుకెళ్లి, రేసులు జరిగే ట్రాక్ మీద నడుపుకోవడం. ఎదురుగా లారీ రాదు, సందులోంచి ఆటో దూరదు, కుక్క అడ్డం పడదు. (2011లో బుద్ధ్ సర్క్యూట్‌లో ఫార్ములా వన్ ప్రాక్టీసు జరుగుతుండగా కుక్క దూరిన మాట నిజమే. అంత పెద్ద వార్త అయిందంటే అదెంత అరుదో మీకే తెలుస్తుంది.) మలుపుల దగ్గర జెండాలు పట్టుకుని మార్షల్స్ నిలబడతారు. అంబులెన్స్ సిద్ధంగా ఉంటుంది. అనుభవాన్ని బట్టి వచ్చినవాళ్లను గుంపులుగా విడదీసి, సాధారణంగా పావుగంట నుంచి ఇరవై నిమిషాల చొప్పున వదులుతారు. ఇది పందెం కాదు, కప్పులూ ఉండవు. నిజంగా పోటీల్లో దిగాలంటే మాత్రం దేశంలో మోటారు క్రీడలను చూసే ఎఫ్‌ఎంఎస్‌సీఐ లైసెన్సు కావాలి. అదంతా తర్వాతి మెట్టు.

తెలుగువాళ్లకు అందుబాటులో ఉన్న పెద్ద ట్రాకుల్లో ముందుగా చెప్పుకోవాల్సింది చెన్నై శివార్లలోని ఇరుంగాట్టుకోట్టై. బెంగళూరు హైవే మీద శ్రీపెరుంబుదూరు దగ్గర ఉంటుంది. 1990 నుంచి నడుస్తోంది. పొడవు 3.7 కిలోమీటర్లు. కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే ఇంకా చిన్నది, 2.1 కిలోమీటర్లు. ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ 5.125 కిలోమీటర్లు. కొత్తవాళ్లకు చిన్న ట్రాకే మేలని నా అభిప్రాయం. పొడవైన రోడ్డు కనిపిస్తే కాలు ఆగదు. హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా-ఈ కార్లు పరుగెత్తిన హుస్సేన్‌సాగర్ ట్రాక్ ఆ పోటీ కోసం మూసిన మామూలు రోడ్డే. టీవీలో చూసి అక్కడ ప్రయత్నిస్తామంటే కుదరదు.

ట్రాక్ కాబట్టి ఏమీ కాదనుకోవద్దు. 2023 జనవరిలో ఇదే ఇరుంగాట్టుకోట్టైలో జాతీయ కార్ల పోటీలో 59 ఏళ్ల సీనియర్ రేసరు చనిపోయారు. ఆగస్టులో అక్కడే బైకు పోటీలో 13 ఏళ్ల పిల్లవాడు చనిపోయాడు. రెండూ ట్రాక్ డేలు కావు, పోటీలే. అయినా ఇంట్లో కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఈ సంగతి దాచకుండా చెప్పుకోవాలి.

సీట్లో కూర్చునే పనే కదా?

అందరూ పడే పొరపాటు ఇక్కడే. కూర్చునే కదా నడిపేది, ఒంటికి శ్రమేముంది అనుకుంటారు. రేసు డ్రైవర్ల గుండె నిమిషానికి 150 సార్లకు మించి కొట్టుకోవడం పరిశోధకులు ఎన్నోసార్లు చూశారు. పరుగెత్తకుండానే పరుగెత్తినంత! కొంత ఉత్సాహం వల్ల ఊరే అడ్రినలిన్, కొంత వేడి, కొంత కండరాల బిగింపు దీనికి కారణం. కొత్తవాళ్లకు ఇంకో అలవాటు ఉంటుంది. మలుపు రాగానే స్టీరింగో హ్యాండిలో పిడికిలి బిగించి పట్టుకుంటారు, ఊపిరి బిగబడతారు. ఈ రెండూ కలిస్తే రక్తపోటు ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఇరవై ఏళ్ల కుర్రాడికి చేతులు నొప్పి పుట్టడంతో సరిపోతుంది. బీపీ ఉందని తెలియకుండా తిరుగుతున్న నలభై అయిదేళ్ల మనిషికి అంతటితో పోకపోవచ్చు.

కాబట్టి నలభై దాటినవాళ్లు, పొగతాగేవాళ్లు, ఇంట్లో చిన్న వయసులోనే గుండెజబ్బు వచ్చినవాళ్లు ఉన్నవారు ముందు ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. బీపీ, షుగరు, ఈసీజీ చూస్తారు. అవసరమైతే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయిస్తారు. డాక్టరుతో 'కారు నడుపుతానండీ' అని చెప్పి ఊరుకోకండి. గంటల తరబడి ఎండలో, హెల్మెట్ పెట్టుకుని, గుండె 150 కొట్టుకునే పని అని విడమరిచి చెప్పండి. మూర్ఛ ఉన్నవాళ్లు, ఎప్పుడైనా ఉన్నట్టుండి స్పృహ తప్పినవాళ్లు ట్రాక్ జోలికి వెళ్లకూడదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు మధ్యలో షుగరు పడిపోతే వచ్చే తికమక, చేతుల వణుకు చాలా ప్రమాదం. వాళ్లు డాక్టరు ఒప్పుకుంటేనే వెళ్లాలి, ఒప్పుకున్నా ప్రతి సెషన్‌కు ముందు షుగరు చూసుకోవాలి. జలుబు మాత్రల సంగతీ మరచిపోవద్దు. వాటిలో చాలావరకు మగత తెచ్చేవే. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనులో 28 మీటర్లు వెళ్తుంది. ఒక్క కునుకుకు ఎంత దూరమో లెక్క వేసుకోండి.

ఆ తర్వాత మెడ. మన తల దాదాపు 5 కిలోలుంటుంది, హెల్మెట్ ఇంకో కిలోన్నర. మంచి టైర్లున్న మామూలు కారు కూడా గట్టి మలుపులో దాదాపు మన బరువంత బలంతో పక్కకు తోస్తుంది. అంటే మలుపు వచ్చినప్పుడల్లా ఆరున్నర కిలోల బియ్యం సంచి మీ మెడను పక్కకు లాగుతున్నట్టు. రోజంతా కంప్యూటరు ముందు ముందుకు వంగి కూర్చునే మెడకు ఇది కొత్త. మర్నాడు పొద్దున తల తిప్పలేక డాక్టరు దగ్గరికి పరుగెత్తేవాళ్లు వీళ్లే. నెలన్నర ముందు నుంచి చిన్న వ్యాయామం చేస్తే చాలావరకు తప్పుతుంది. అరచేతిని నుదుటికి ఆనించి, చేత్తో వెనక్కి నెడుతూ తలను కదలనివ్వకుండా పది సెకన్లు ఆపండి. అలాగే తల వెనక, కుడి, ఎడమ. ఒక్కో వైపు అయిదారుసార్లు, ఊపిరి బిగబట్టకుండా. స్పాండిలైటిస్ ఉన్నా, చేతుల్లోకి తిమ్మిర్లు పాకుతున్నా ఇది చేయకండి, ముందు డాక్టరును అడగండి. దీనికి తోడు రోజూ అరగంట వేగంగా నడక, కొన్ని గుంజీళ్లు, ప్లాంక్ చేస్తే నడుమూ తొడలూ గట్టిపడతాయి. బైకు వాళ్లకు తొడలే ఆధారం. ట్యాంకును తొడలతో పట్టుకుంటే చేతులు వదులుగా ఉంటాయి.

చెన్నై ఎండ గురించి మనకు ఒకరు చెప్పాలా? పైన లెదర్ సూటు, నెత్తిన హెల్మెట్. ఒంటి బరువులో 2 శాతం నీరు చెమటగా పోయినా ఏకాగ్రత తగ్గుతుంది. 70 కిలోల మనిషికి అది 1.4 లీటర్లే. దాహం వేశాక తాగుదామనుకోవద్దు. ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు, మజ్జిగ తాగుతుండండి. సెషన్ల మధ్య నీడలో కూర్చుని సూటు జిప్పు తీసి ఓఆర్‌ఎస్ తాగండి. బీపీ, గుండెజబ్బు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఎంత తాగాలో డాక్టరును అడిగి పెట్టుకోవాలి. మూత్రం ముదురు పసుపులోకి మారిందంటే వెనకబడ్డట్టే. ఎనర్జీ డ్రింకులు వద్దు, అసలే పరుగెత్తుతున్న గుండెను అవి ఇంకా తరుముతాయి. పొద్దున రెండు గంటల ముందు ఇడ్లీ చాలు. మధ్యాహ్నం బిర్యానీ తిని ట్రాక్ ఎక్కితే నిద్రొస్తుంది, లేదా మూడో మలుపులో కడుపు తిప్పుతుంది. తోటివాళ్లెవరైనా ఒళ్లు కాలిపోతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది వడదెబ్బ. సూటు విప్పి, ఒళ్లంతా నీళ్లు పోసి, గాలి తగిలేలా చేస్తూ అంబులెన్స్‌ను పిలవండి.

పిల్లలైతే గో-కార్టుతోనే

పదిహేనేళ్ల పిల్లవాడికి బండి తాళాలిస్తే ఏమవుతుందో 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది. మైనరు నేరం చేస్తే తల్లిదండ్రులకు 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. ఆ వయసువాళ్లకు సరైన చోటు కార్టింగ్. బ్రేకు ఎక్కడ వేయాలి, మలుపులో చూపు ఎక్కడుండాలి అనేది అక్కడే వస్తుంది. మనం ఎటు చూస్తే బండి అటే పోతుంది. గోడను చూస్తే గోడకే!

నెలకోసారి సరదాగా కుటుంబమంతా కార్టింగుకు వెళ్లేవాళ్లు కూడా ఇది వినాలి. 2020 అక్టోబరులో హైదరాబాద్ శివార్లలో ఓ బీటెక్ అమ్మాయి జుట్టు గో-కార్టు చక్రంలో చిక్కుకుని ప్రాణం పోయింది. జడను ముడి వేసి, హెల్మెట్ లోపల పెట్టే టోపీలోకి పూర్తిగా దోపాలి. చున్నీ, స్కార్ఫు, పొడవాటి గొలుసు ఇంట్లోనే వదలాలి. చెప్పులు వద్దు, బూట్లు వేసుకోవాలి. టోపీ లేదని, లేదా హెల్మెట్ వదులుగా ఉన్నా 'పర్లేదు మేడమ్' అని నిర్వాహకులు అంటే డబ్బులు పోయినా సరే వెనక్కి వచ్చేయండి. కార్టులో స్ప్రింగులుండవు కాబట్టి కుదుపులన్నీ పక్కటెముకలకే తగులుతాయి. తరచూ నడిపే పిల్లలకు రిబ్ ప్రొటెక్టర్ కొనాల్సిందే.

హెల్మెట్ విషయంలో రంగు చూసి మోసపోకండి. పట్టీ బిగించాక గడ్డానికీ పట్టీకీ మధ్య రెండు వేళ్లకు మించి సందు ఉండకూడదు. వెనక నుంచి పైకి నెట్టినా ఊడి రాకూడదు. ఒక్కసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపలి ఫోము నలిగిపోయి ఉంటుంది. దాన్ని తమ్ముడికి ఇచ్చే పని పెట్టుకోవద్దు.

పడ్డాక లేచి 'నాకేం కాలేదు' అంటే నమ్మకండి. మెదడు అదిరిన మనిషి నోట ముందు వచ్చే మాట అదే. తలనొప్పి, వికారం, మసక చూపు, అడిగిందే మళ్లీ అడగడం, ఇప్పుడే జరిగింది గుర్తులేకపోవడం... వీటిలో ఒక్కటున్నా ఆ రోజుకు ట్రాక్ ముగిసినట్టే. తగ్గకముందే రెండో దెబ్బ తగిలితే మెదడు ప్రమాదకరంగా వాచిపోవచ్చు, పిల్లల్లో ఈ భయం మరీ ఎక్కువ. వాంతులు ఆగకపోయినా, తలనొప్పి పెరుగుతున్నా, ఒక కంటిపాప పెద్దదైనా, ఫిట్స్ వచ్చినా, లేపితే సరిగా లేవకపోయినా వెంటనే ఆస్పత్రికి. పడిపోయినవాళ్ల హెల్మెట్ మీరు లాగకండి. మెడ ఎముక విరిగి ఉంటే ఆ లాగుడుతోనే వెన్నుపాము దెబ్బతింటుంది. అది వైద్య సిబ్బంది పని.

పాలసీ కాగితం ఓసారి తీయండి

మామూలు కారు, బైకు ఇన్సూరెన్సు రేసులకూ, స్పీడు పరీక్షలకూ వర్తించదని పాలసీలోనే రాసి ఉంటుంది. ట్రాక్ మీద కారు గుద్దుకుంటే ఖర్చు మీదేనని అనుకునే వెళ్లండి. ఆరోగ్య బీమాలో మాట కొంచెం వేరు. సాహస క్రీడల్లో 'ప్రొఫెషనల్'గా పాల్గొని దెబ్బలు తగిలితే చెల్లించరని ఉంటుంది, ఆ జాబితాలో మోటార్ రేసింగ్ పేరుంది. ఏడాదికి రెండుసార్లు సరదాకు వెళ్లేవాళ్లు ప్రొఫెషనల్ కిందికి వస్తారా అన్న ప్రశ్నను కంపెనీకి ముందే ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. ఫోన్లో చెప్పిన మాట క్లెయిము రోజున ఎవరికీ గుర్తుండదు.

ఇక ప్రయాణం. హైదరాబాద్ నుంచి చెన్నైకి 600 కిలోమీటర్లకు పైనే. శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరి, రాత్రంతా నడిపి, తెల్లవారుజామున ముఖం కడుక్కుని ఎనిమిదింటికి ట్రాక్ ఎక్కుదామనుకుంటే ఫీజు కట్టి ప్రమాదం కొనుక్కున్నట్టే. ఒకరోజు ముందే చేరండి, ఏడెనిమిది గంటలు నిద్రపోండి. రాత్రి మందు ముట్టకండి. కారులో నీళ్ల సీసా, గొడుగు, పిల్లల బొమ్మ ఏదీ ఉంచకండి, బ్రేకు పెడలు కిందికి దొర్లేవి ఇవే. పొద్దున జరిగే బ్రీఫింగులో ఫోను పక్కన పెట్టి వినండి. పసుపు జెండా అంటే ముందు ప్రమాదం, ఓవర్‌టేక్ వద్దు. ఎర్ర జెండా అంటే అందరూ నెమ్మదించి పిట్‌లోకి రావాలి. నీలం అంటే వెనక వేగంగా వచ్చేవారున్నారు. సాయంత్రం చివరి సెషన్‌కు చేతులు బరువెక్కి, బ్రేకు వేసే చోటు రెండుసార్లు తప్పితే ఆ సెషన్ వదిలేయండి.

తిరుగు ప్రయాణం సాయంత్రమే పెట్టుకోవద్దు. గంటల తరబడి 140, 150లో నడిపిన కంటికి హైవే మీద 100 కూడా నడకలా అనిపిస్తుంది. ఒళ్లు అలసి ఉంటుంది, బ్రేకు ప్యాడ్లు సగం అరిగి ఉంటాయి, ముందు లైట్లు లేని ట్రాక్టరు ఉంటుంది. ఆ రాత్రి శ్రీపెరుంబుదూరులోనే గది తీసుకుని పడుకోండి. పొద్దున టైర్లలో గాలి, బ్రేకు ఆయిలు చూపించుకుని, టిఫిన్ చేసి బయల్దేరండి. వీలైతే స్టీరింగు పక్కవాళ్లకివ్వండి.