అవ్వ ముద్ద మింగలేనప్పుడు

మతిమరుపు జబ్బు ముదిరి మంచాన పడ్డ మనిషి ఉన్న ఇంట్లో అన్నిటికన్నా పెద్ద బెంగ తిండిదే. పెట్టిన ముద్ద బుగ్గలోనే ఉండిపోతుంది. నాలుగు చెంచాల జావకు అరగంట పడుతుంది. నీళ్లు పోస్తే పొలమారుతుంది. ఇక ఇంటిల్లిపాదీ అనుకునేది ఒక్కటే: తిండి లేక పోయేట్టుంది, పెద్దాసుపత్రికి తీసుకుపోదాం.

జింగనూర్‌లో అది చిన్న ప్రయాణం కాదు. గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలోని అడవి ఊరు అది. ముందు సిరొంచ చేరాలి. అక్కడి నుంచి జిల్లా కేంద్రం దాదాపు 200 కిలోమీటర్లు. గోదావరి మీద వంతెన పడ్డాక కాళేశ్వరం మీదుగా భూపాలపల్లికో వరంగల్‌కో పోవచ్చు. కానీ కాళ్లు బిగుసుకుపోయిన ముసలి ప్రాణాన్ని బండిలో అంత దూరం కుదిపి తీసుకెళ్తే ఒరిగేదేమిటి? కొత్త మంచం, కొత్త ముఖాలు, రాత్రంతా ఆరని లైట్లు ఈ జబ్బు మనిషిని ఇంకా బెదరగొడతాయి.

మనం మతిమరుపు జబ్బును చాదస్తం అని తీసిపారేస్తాం. కానీ ఇది మెదడును కొంచెం కొంచెంగా తినేసే జబ్బు, చివరకు ప్రాణం తీసే జబ్బు. 2023లో వెలువడిన జాతీయ అంచనా ప్రకారం మన దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి ఇది ఉంది. పట్నాలకన్నా పల్లెల్లోనే ఎక్కువ. జబ్బు బాగా ముదిరిన 323 మందిని అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో ఏడాదిన్నర గమనించి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. వారిలో సగానికి పైగా ఆ గడువులోనే కన్నుమూశారు. నూటికి 86 మందికి తినడంలో ఇబ్బంది వచ్చింది. ఇది చివరి దశ అని ఇంటివాళ్లకు తెలిసిన చోట, చివరి నెలల్లో ఆసుపత్రులకు తిప్పడం, గొట్టాలు వేయడం బాగా తగ్గాయి.

తెలియడమే ఇక్కడ సగం వైద్యం. మింగడం ఆగిపోవడం జబ్బులో భాగం, మనం సరిగా పెట్టకపోవడం వల్ల వచ్చింది కాదు. ముక్కులో గొట్టం వేస్తే ఆయుష్షు పెరుగుతుందని రుజువు లేదు, ఊపిరితిత్తుల్లోకి తిండి పోవడమూ ఆగదు. పీకేసుకుంటారని చేతులు కట్టేయాల్సి వస్తుంది. అందుకే ఈ దశలో గొట్టం వద్దు, చేత్తో తినిపించండి అని 2014లో అమెరికా వృద్ధుల వైద్య సంఘం చెప్పింది. ‘అన్నం పెట్టక చంపుకున్నారు’ అని ఊళ్లో ఎవరైనా అంటారేమోనన్న భయం కోడళ్లను, కూతుళ్లను ఎంత తినేస్తుందో! ఆ మాట అనకూడదు, పడకూడదు.

తినిపించడానికీ పద్ధతి ఉంది. మగతలో ఉన్నప్పుడు పెట్టకూడదు. వీపు వెనక దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచాలి. అర చెంచా జావ నోట్లో పెట్టి, గొంతు కదిలిందాకా ఆగాలి, ఆ తర్వాతే ఇంకోటి. పలచని నీళ్లకన్నా చిక్కటి జావ తేలిగ్గా దిగుతుంది. తిన్నాక అరగంట కూర్చోబెట్టాలి. తల తిప్పుకుందంటే చాలని అర్థం, బలవంతం వద్దు. పడుకున్నప్పుడు రెండు గంటలకోసారి పక్క మార్చాలి. నడుము, మడమలు ఎర్రబడ్డాయేమో రోజూ చూడాలి.

నొప్పి సంగతి ఇంకా కష్టం. నోటితో చెప్పలేరు. ముడిపడ్డ నొసలు, బిగిసిన పిడికిలి, కాలు చాపబోతే మూలుగు: ఇవే చెప్తాయి. ఏ భాషలో అడుగుతామన్నదీ ముఖ్యమే. ఈ ప్రాంతంలో మాడియా, తెలుగు, మరాఠీ భాషలు కలిసి బతుకుతాయి. అది వరమే. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగుల వివరాలతో 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనిపించింది, చదువు రానివాళ్లలో కూడా. కానీ జబ్బు ముదిరితే తర్వాత నేర్చిన భాష ముందు జారిపోవచ్చు. నర్సు మరాఠీలో అడిగితే పలకని అవ్వ, మనవరాలు ఇంటిభాషలో ‘నొస్తుందా అవ్వా’ అంటే కళ్లు తిప్పవచ్చు. అందుకే నర్సు వచ్చినప్పుడు ఇంటిమనిషి పక్కనుండాలి.

చివరి రోజుల్లో ఆకలి, దప్పిక వాటంతటవే తగ్గిపోతాయి. అది పస్తు పెట్టడం కాదు. తులసి తీర్థం గొంతులో పోయవద్దు, పొలమారి ఊపిరాడదు. తడిబట్టతో పెదవులు తడిపితే చాలు. గొంతులో గురగుర వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

ఆయాసం, నొప్పి మరీ పట్టలేనప్పుడు కొద్ది మోతాదులో మార్ఫిన్ ఉపశమనం ఇస్తుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం భయంతో అది మన ఆసుపత్రుల్లో దాదాపు మాయమైంది. 2014లో చట్టాన్ని సవరించి అనుమతులు సులువు చేశారు. ఉపశమన వైద్యానికి జాతీయ కార్యక్రమం 2012 నుంచే ఉంది. ఆ మందు రాసే శిక్షణ పొందిన డాక్టరు ఒకరు సిరొంచలో, వారానికోసారి గడప తొక్కే నర్సు ఒకరు జింగనూర్‌లో ఉండాలి. గ్రామసభలో రోడ్డు, కరెంటు అడిగినట్టే దీన్నీ అడగాలి.