బస్సు మెసేజ్ ఎప్పుడు వస్తుంది? ఎప్పుడు రాదు?



"బస్సు స్టాపులోనే ఉంది కదా, మరి ఆగిపోయిందని మెసేజ్ ఎందుకొచ్చింది?" బుక్కరాయసముద్రం రూటులో చాలామంది అడిగిన ప్రశ్న ఇది. తప్పు జీపీఎస్‌ది కాదు, మేము రాసిన నియమానిది.

బస్సులోని జీపీఎస్ పరికరం మూడు సంగతులు పంపుతుంది: బస్సు ఎక్కడుంది, ఎంత వేగంతో వెళ్తోంది, ఇంజిన్ ఆన్‌లో ఉందా. ఏది ప్రమాదమో దానికి తెలియదు. ఎప్పుడు మెసేజ్ పంపాలో షరతులు పెట్టి సాఫ్ట్‌వేర్‌కు మనమే చెప్పాలి. ఆ షరతులను కలిపేవి మూడు మాటలు. మీ పిల్లలు కంప్యూటర్ పాఠంలో చదివే అండ్, ఆర్, నాట్ ఇవే.

మరియు (అండ్): "వేగం సున్నా" అని ఒక్క షరతే పెడితే ప్రతి స్టాపులో, గొర్రెల మంద అడ్డొచ్చిన ప్రతిసారీ మెసేజ్ వస్తుంది. చివరికి "నాన్నా, పులి" కథలా ఎవరూ పట్టించుకోరు. అందుకే ఇప్పుడు నియమం ఇలా మార్చాం: వేగం సున్నా, మరియు 5 నిమిషాలు దాటింది, మరియు ఆ చోటు మన స్టాపు కాదు. వేగానికీ ఇంతే. కేంద్ర నిబంధనల ప్రకారం స్కూలు బస్సు స్పీడ్ గవర్నర్ పరిమితి గంటకు 60 కిలోమీటర్లు. కానీ చెరువుకట్ట మీద అది ఎక్కువే. అందుకే "బస్సు కట్ట మీద ఉంది, మరియు వేగం 30 దాటింది" అని వేరే నియమం పెట్టాం.

లేదా (ఆర్): పానిక్ బటన్ నొక్కినా, లేదా బస్సు రూటు తప్పినా వెంటనే కబురు రావాలి. ఇక్కడ పొరపాటున "మరియు" పెడితే రెండూ జరిగేదాకా సాఫ్ట్‌వేర్ నోరు విప్పదు.

కాదు (నాట్): అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. బస్సు స్కూలు ఆవరణలో ఉంది, ఇంజిన్ ఆపేశారు, కానీ 5 నిమిషాల్లో వెనక సీటు దగ్గరున్న బటన్ నొక్కలేదు. అంటే ఆయమ్మ చివరి సీటు దాకా వెళ్లి చూడలేదన్నమాట. అనంతపురం ఎండలో తలుపులు మూసిన బస్సులో నిద్రపోయిన బిడ్డ ఉంటే ప్రతి నిమిషమూ ప్రాణం మీదికి వచ్చేదే.

ఒక చిక్కు మిగిలే ఉంది. సిగ్నల్ పోతే తెరపై పాత వేగం, పాత చోటే కనిపిస్తాయి. షరతు నెరవేరదు, మెసేజ్ రాదు. అందుకే "3 నిమిషాలుగా సమాచారం లేదు" అన్నదాన్నీ ఒక నియమంగా చేర్చాం.

మీరు చేయవలసింది రెండు పనులు:
1. స్టాపు మారితే ముందురోజే రవాణా ఇన్‌చార్జికి చెప్పండి. పాత స్టాపు నియమంలోనే ఉండిపోతే తప్పుడు మెసేజ్‌లు వస్తాయి.
2. బస్సు 10 నిమిషాలు ఆలస్యమైతే మెసేజ్ కోసం చూడకుండా ఫోన్ చేయండి.

మెసేజ్ రాలేదంటే అంతా బాగున్నట్టే అనుకోవద్దు. మేము రాసిన షరతు ఏదీ నెరవేరలేదని మాత్రమే దాని అర్థం.