గునుగుకు పైసలా, బిడ్డా?

మావారి ఉద్యోగరీత్యా మేం గుంటూరు నుంచి శంషాబాద్ వచ్చింది 1996లో. అప్పటికి బతుకమ్మ గురించి నాకు తెలిసింది పేరొక్కటే. మేం అద్దెకున్న ఇంటి పెద్దావిడ పెత్రమాస నాడు పొద్దున్నే తలుపు తట్టి, "రా బిడ్డా, పువ్వుకు పోదాం" అంది. పూజకి పూలేగా అని చిన్న సజ్జ పట్టుకుని బయల్దేరాను. అది చూసి ఆవిడ ఒకటే నవ్వు! తన చంకలో పెద్ద గంప ఉంది మరి.

ఊరు దాటితే చెలకలు, చెరువు గట్టు. గట్టంతా పచ్చగా తంగేడు, చేల మధ్య తెల్లగా గునుగు. కలుపని పీకి పారేసే మొక్కకి ఇంత మర్యాదా అని ఆశ్చర్యపోయాను.

పేర్చడం ఆవిడే నేర్పింది. పళ్లెంలో గుమ్మడాకులు పరిచి, చుట్టూ తంగేడు, దానిమీద కాడలు సమంగా కత్తిరించి రంగులద్దిన గునుగు, తర్వాత బంతి, చామంతి. మధ్యలో ఆకులు కూరుతూ పైకి పోనుపోను సన్నగా పేర్చాలి. శిఖరాన పసుపు గౌరమ్మ.

ఎంగిలిపూలతో మొదలై సద్దులతో ముగిసే తొమ్మిది రోజుల పండగ ఇది. ఆరోనాడు బతుకమ్మ అలుగుతుంది, ఆ రోజు ఆట లేదు. సద్దుల నాడు పులిహోర, పెరుగన్నం, నువ్వులపొడి, మలీద కట్టుకుని అందరం చెరువుకే. పుట్టింటికొచ్చిన ఆడపిల్లలు కష్టసుఖాలు చెప్పుకునేదీ అక్కడే. "నాకు పాట రాదు పెద్దమ్మా" అంటే, "చప్పట్లొస్తయి గద, చాలు" అని చెయ్యి పట్టుకుని లాగింది.

2008 మార్చిలో విమానాశ్రయం మొదలైంది. దానికే సుమారు 5,500 ఎకరాలు. చుట్టూ ఉన్న చెలకలు ఒక్కొక్కటీ ప్లాట్లయ్యాయి. ఉద్యోగాలొచ్చాయి, రోడ్లొచ్చాయి, కాదనను. మా అమ్మాయీ ఇక్కడే విమానమెక్కి అమెరికా వెళ్లింది. అక్కడ దొరికిన పూలతోనే బతుకమ్మ పేరుస్తోంది.

ఒక ఏడాది పెద్దమ్మ కాలు నొప్పితో మంచాన పడింది. నేను మార్కెట్‌కెళ్లి పువ్వు కొనుక్కొచ్చాను. ధర చెప్పగానే ఆవిడ మొహం చిన్నబోయింది. "గునుగుకు పైసలా, బిడ్డా?" అని చాలాసేపు మాట్లాడలేదు.

ఆ పండగయ్యాక ఎండిన గునుగు కంకులు దులిపి, నల్లగా మెరిసే గింజలు గుడ్డలో మూటగట్టి దాచింది. తొలకరి పడగానే పెరట్లో చల్లించింది. దసరా నాటికి నడుమెత్తు పెరిగి పూశాయి! ఇప్పుడావిడ లేదు. గునుగు మాత్రం ఏటా మొలుస్తూనే ఉంది. పెత్రమాస నాడు వీధిలో పిల్లలంతా మా పెరట్లోనే ఉంటారు.

2014లో బతుకమ్మ రాష్ట్ర పండగైంది. సంతోషమే. కానీ పువ్వు పూసేందుకు జాగా, సాగనంపేందుకు చెరువు మిగలకపోతే ఏం పండగ? ఇక్కడికి దగ్గర్లోనే 1927 నాటి హిమాయత్ సాగర్ ఉంది. దాని చుట్టూ పది కిలోమీటర్ల మేర కట్టడాలకు ఆంక్షలు పెట్టింది మేం వచ్చిన 1996లోనే. 2022లో వాటిని సడలిస్తూ ఉత్తర్వులిచ్చారు. పెద్ద చెరువు సంగతే అలా ఉంటే, ఊరి కుంటల్ని ఎవరు కాపాడతారు? మనమే అడగాలి.

అడుగుతూనే ఈ చిన్న పనీ చేద్దాం. ఈసారి బతుకమ్మ పేర్చాక మిగిలిన గునుగు పారేయకండి. నాలుగు కంకులు ఎండబెట్టి గింజలు దాచండి. పెరడు లేకపోతే కుండీ అయినా చాలు!