థార్ ఎడారి: ఎండను తట్టుకున్న ఎలుకలకు నీటితో పరీక్ష

2016 మే 19న రాజస్థాన్‌లోని ఫలోదీలో ఉష్ణోగ్రత 51 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. దేశంలో అప్పటివరకు నమోదైన ఉష్ణోగ్రతలన్నింటిలో అదే అత్యధికం. అటువంటి మధ్యాహ్నాల్లో థార్ ఎడారిలోని ఇసుక నేల గాలికన్నా ఎక్కువగా కాగిపోతుంది. అయినా ఆ నేల కిందనే చిన్న చిన్న ఎడారి ఎలుకలు క్షేమంగా ఉంటాయి. ఇంతటి ఎండలో అవి ఎలా బతుకుతున్నాయి? మారుతున్న వాతావరణం వాటిపై ఎటువంటి ప్రభావం చూపుతుంది?

చిన్న శరీరం, పెద్ద చిక్కు

శరీరం చిన్నదయ్యే కొద్దీ, బరువుతో పోలిస్తే దాని ఉపరితలం ఎక్కువగా ఉంటుంది. ఒంటె వంటి భారీ జంతువు నెమ్మదిగా వేడెక్కుతుంది. చెమట ద్వారా చల్లబడగలదు. ఎలుక అదే పద్ధతిని అనుసరిస్తే కొద్ది గంటల్లోనే ఒంట్లోని నీరు ప్రమాదకర స్థాయికి తగ్గిపోతుంది. అందువల్ల వేడికి దొరక్కుండా తప్పుకోవడమే ఎడారి ఎలుకల ప్రధాన వ్యూహం.

ఇందుకు బొరియే ఆధారం. పొడి ఇసుక వేడిని త్వరగా లోపలికి పంపదు. అర మీటరు లోతుకు వెళితే పగటికీ రాత్రికీ ఉండే ఉష్ణోగ్రత తేడా దాదాపు మాయమవుతుంది. ఎలుకల శ్వాసలోని తేమ నిలిచి ఉండటం వల్ల బొరియలోని గాలి బయటి గాలి అంత పొడిగా ఉండదు. థార్‌లోని జెర్బిల్ ఎలుకలు రాత్రివేళనే బయటికి వస్తాయి. జర్డ్ అనే మరో ఎడారి ఎలుక పగలు తిరిగేదే. అయితే వేసవిలో అది ఉదయం, సాయంత్రం వేళల్లోనే మేతకు వెళుతుంది.

తాగకుండానే నీరు

ఆహారం శరీరంలో శక్తిగా మారేటప్పుడు కొంత నీరు కూడా ఏర్పడుతుంది. ఒక గ్రాము పిండిపదార్థం నుంచి సుమారు 0.56 గ్రాములు, ఒక గ్రాము కొవ్వు నుంచి సుమారు 1.07 గ్రాముల నీరు లభిస్తుంది. అమెరికా ఎడారుల్లోని కంగారూ ఎలుక ఎండు గింజలు తిని, ఈ నీటితోనే జీవించగలదని నట్ ష్మిట్-నీల్సన్, బోడిల్ ష్మిట్-నీల్సన్ దంపతుల పరిశోధనలు వెల్లడించాయి. దాని మూత్రం మనిషి మూత్రం చేరుకోగల గరిష్ఠ గాఢతకన్నా నాలుగు రెట్లకు పైగా చిక్కగా ఉంటుంది. విడిచే శ్వాస ముక్కులోనే చల్లబడి, అందులోని తేమ కొంత తిరిగి శరీరానికే దక్కుతుంది. థార్‌లోని జర్డ్‌కు గింజలతో పాటు ఆకులు, వేళ్ల నుంచి కూడా నీరు అందుతుంది.

శతాబ్దం చెప్పిన సాక్ష్యం

ఈ ఏర్పాట్లు వాతావరణ మార్పునూ తట్టుకోగలవా అన్న ప్రశ్నకు అమెరికాలోని మోహావీ ఎడారి కొంత సమాధానమిచ్చింది. 20వ శతాబ్దం తొలినాళ్లలో జోసెఫ్ గ్రిన్నెల్ బృందం అక్కడి ప్రాణులను నమోదు చేసింది. దాదాపు వందేళ్ల తరువాత శాస్త్రవేత్తలు అవే ప్రదేశాలను మళ్లీ పరిశీలించారు. పక్షి జాతులు బాగా తగ్గిపోగా, చిన్న క్షీరదాలు చాలావరకు నిలదొక్కుకున్నాయి. వేడెక్కిన వాతావరణంలో శరీరాన్ని చల్లబరచుకునే భారం క్షీరదాలకన్నా పక్షులపై సగటున 3.3 రెట్లు ఎక్కువగా పడిందని 2021లో 'సైన్స్' పత్రికలో వెలువడిన అధ్యయనం లెక్కగట్టింది. బొరియలు, రాత్రి సంచారం చిన్న క్షీరదాలకు రక్షణగా నిలిచాయి.

థార్‌లో మరో కథ

అయితే ఈ రక్షణ నేల పొడిగా, చెక్కుచెదరకుండా ఉన్నంతవరకే. థార్‌లో ఆ నేలే మారుతోంది. 1958లో పనులు మొదలైన ఇందిరాగాంధీ కాలువ పంజాబ్‌లోని హరికే నుంచి జైసల్మేర్ వరకు నీటిని తెచ్చింది. రైతులకు అది వరమైంది. కానీ సాగునీరు పారిన చోట ఎడారి ఎలుకలు వెనక్కి తగ్గాయి. తడి నేలలను ఇష్టపడే చిన్న పందికొక్కు ప్రవేశించింది. ఇంగ్లీషులోని 'బాండికూట్' అనే మాట మన 'పందికొక్కు' నుంచే పుట్టింది. తెలుగు నేలపై పొలాలకు పరిచితమైన ఆ శత్రువు ఇప్పుడు ఎడారి రైతుకూ ఎదురవుతోంది.

వర్షాల తీరు కూడా మారుతోంది. ఇటీవలి దశాబ్దాల్లో వాయవ్య భారతంలో వర్షపాతం పెరిగినట్లు పరిశీలనలు సూచిస్తున్నాయి. 2006 ఆగస్టులో బార్మేర్ జిల్లాలోని కవాస్ ప్రాంతాన్ని వరద ముంచెత్తింది. నేల అడుగున ఉన్న జిప్సం పొర నీటిని ఇంకనివ్వకపోవడంతో అది చాలాకాలం నిలిచిపోయింది. ఎండ నుంచి కాపాడే బొరియ అటువంటి వరదలో ఆశ్రయం కాలేదు.

ఎడారి ఎలుకలు పంటలకు నష్టం కలిగిస్తాయన్నది నిజమే. అదే సమయంలో ఎడారి నక్కలు, ఎడారి పిల్లులు, గద్దల వంటి వేటాడే ప్రాణులకు అవే ఆహారం. అందుచేత వాటి భవిష్యత్తు ఉష్ణోగ్రత ఒక్కదానిపైనే ఆధారపడి లేదు. దున్నని బీళ్లు, పచ్చిక మైదానాలు, గ్రామస్థులు దేవుడి పేరిట కాపాడుకునే 'ఓరణ్' వనాలు మిగిలి ఉంటేనే ఆ ఎలుకలకు బొరియలు తవ్వుకోవడానికి చోటుంటుంది.