రాయలసీమలో బుస్సీదొర

కర్ణాటకమున ఫ్రెంచివారు సాగించిన యుద్ధములు పాఠశాలల చరిత్ర గ్రంథములలో విపులముగనే యున్నవి. కాని దక్కను సింహాసనముపై వారి పలుకుబడి నిలుచునా, కూలునా అను ప్రశ్నకు సమాధానము లభించినది కడప, కర్నూలు సీమలలోనే. ఆ ఘట్టమునకు నాయకుడు షార్ల్ జోసెఫ్ పాతిసియే ద బుస్సీ. ఇతడు ఫ్రాన్సు దేశమున ఒక సామాన్య ప్రభువంశమునకు చెందినవాడు, మార్క్విసు బిరుదాంకితుడు.

1750 డిసెంబరులో జింజి చెంత నిజాము నాసర్ జంగును కడప, కర్నూలు, సావనూరు పఠాను నవాబులు కుట్రపన్ని వధించినారు. అంతవరకు బందీగా నున్న అతని మేనల్లుడు ముజఫర్ జంగు డూప్లే అండతో నిజామైనాడు. అయితే తాము చేసిన సాయమునకు తగిన ప్రతిఫలము దక్కలేదని ఆ నవాబులు లోలోన రగిలిపోయినారు.

సుమారు 300 మంది ఫ్రెంచి సైనికులు, 2000 మంది సిపాయీలతో బుస్సీ కొత్త నిజామును హైదరాబాదునకు తోడ్కొని పోవుచుండెను. 1751 ఫిబ్రవరిలో రాయచోటి ప్రాంతమున, లక్కిరెడ్డిపల్లె కడ, నవాబులు తిరుగబడినారు. ఫ్రెంచి ఫిరంగుల ధాటికి పఠాను దళములు చెదరిపోయినవి. వారిని ఆవేశముతో వెంటాడిన ముజఫర్ జంగు, కర్నూలు నవాబు హిమ్మత్ ఖానుతో తలపడి ప్రాణములు కోల్పోయినాడు. హిమ్మత్ ఖాను సైతము అచటనే కూలినాడు. సావనూరు నవాబు హతుడు కాగా, కడప నవాబు గాయములతో తప్పించుకొన్నాడు.

గెలిచిన సైన్యమునకు రాజు లేడు. ముజఫర్ జంగు కుమారుడు పసివాడు. ఒక్కదినము తాత్సారము జరిగినను దండు చెల్లాచెదరగును. డూప్లే శ్రమ యంతయు వృథా యగును. బుస్సీ వెంటనే, దండులోనే నిర్బంధమున నున్న నాసర్ జంగు తమ్ముడు సలాబత్ జంగును నిజాముగ నిలిపినాడు. అనాడు రాజును నిర్ణయించినది వంశక్రమము కాదు, ఫిరంగిబలము. పిదప మార్గమధ్యమున ఆ సేన కర్నూలు కోటను ముట్టడించి వశపరచుకొన్నది. నవాబు చేసిన ద్రోహమునకు మూల్యము చెల్లించినవారు కోటలోని వారు.

రెండేండ్లకే, 1753లో, సైన్యపు జీతభత్యముల నిమిత్తమై ఏలూరు, రాజమహేంద్రవరము, ముస్తఫానగరము, శ్రీకాకుళము సర్కారులు ఫ్రెంచివారి చేజిక్కినవి. 1757 నాటి బొబ్బిలి యుద్ధమున నిలిచినదియు ఈ బుస్సీ సేనయే. 1758లో లాలీ అతనిని కర్ణాటకమునకు పిలిపించగా, మరుసటి యేటనే సలాబత్ జంగు ఆంగ్లేయులతో సంధి చేసికొన్నాడు. బుస్సీ 1785లో పుదుచ్చేరిలో మరణించినాడు.

అనంతరము కడప 1800లో, కర్నూలు 1839లో ఆంగ్లేయుల వశమైనవి. పరుల తుపాకిని ఆశ్రయించి నిలిచిన సింహాసనము, ఆ తుపాకి తొలగిన నాడు మరియొక తుపాకిని వెదకుకొనక తప్పదు. కర్నూలు నడుమ నేటికిని నిలిచియున్న కొండారెడ్డి బురుజును చూచు విద్యార్థులు ఈ సంగతి గుర్తుంచుకొనదగును.